డబ్బాల్లోని గొంతులు

అమెరికాలో నేను సినిమా పాఠాలు చెప్పిన మా డిపార్టుమెంటు పాత భవనం ఖాళీ చేస్తున్నారు. నేను రిటైరై కొంతకాలమైంది. అయినా కింది అంతస్తు స్టోరు గదిలో నా పేరు రాసిన రేకు డబ్బాలు ఇంకా ఉన్నాయని, వచ్చి తీసుకెళ్ళమని ఆఫీసులో అమ్మాయి ఫోన్ చేసింది. పోయిన వారం వెళ్ళాను. పై డబ్బా మూత తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. అంచులో నాణెం దూర్చి తిప్పితే వచ్చింది. వస్తూనే గుప్పున పులుపు వాసన. పులిసి పాడైన కల్లుకుండ మూత తీసినట్టు ముక్కు మండింది.

ఈ పని చేసినవాళ్ళకి ఆ వాసన ఏమిటో చెప్పక్కర్లేదు. పాత ఫిల్ము ఎసిటేట్ పట్టీ మీద తయారయ్యేది. ఏళ్ళ తరబడి వేడీ తేమా తగిలితే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం, అంటే మనం వంటింట్లో వాడే వెనిగర్ సరుకే, బయటికొస్తుంది. ఒకసారి మొదలైందంటే ఆ ఆమ్లమే మిగతా పట్టీని ఇంకా తొందరగా తినేస్తుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది, అంచులు వంకర్లు తిరుగుతాయి, చివరికి పెళుసెక్కి చేతిలో విరుగుతుంది. బొమ్మ ఉన్న రీళ్ళకంటే శబ్దం ఎక్కించిన మాగ్నెటిక్ రీళ్ళకి ఈ జబ్బు ముందొస్తుంది. వాటికి పూసిన ఐరన్ ఆక్సైడు దాన్ని ఎగదోస్తుంది. నేను తెరిచింది శబ్దం డబ్బానే. మూత మీద తెల్లటేపు, దానిమీద నా చేతిరాత: "అవ్వ – బావి దగ్గర – రాత్రి".

అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

* * *

నేను పుట్టింది కావలిలో. సెలవులకి పడమటి మెట్ట పల్లెల్లో ఉన్న మా అవ్వ వాళ్ళ ఊరికి పోయేవాళ్ళం. అక్కడ టూరింగ్ టాకీసే దిక్కు. డేరా బయట ఇంజను డుగుడుగుమని కొట్టుకుంటూ ఉండేది. మైకులో ఘంటసాల భక్తిపాట పడిందంటే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు. ఆడవాళ్ళూ పిల్లలూ ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యలో అడ్డంగా తడిక. నేల టికెట్టు ఇసుకలో ముందుగా వెళ్ళినవాళ్ళు ఇసుక పోగుచేసి ఎత్తుగా కూర్చునేవాళ్ళు. వెనకవాళ్ళు తిట్టేవాళ్ళు.

అసలు సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ రీలు వేసేవాళ్ళు. 1948లో ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. వాళ్ళు తీసిన వార్తాచిత్రమో డాక్యుమెంటరీయో వేయందే ఆట మొదలుపెట్టకూడదని అప్పట్లో నిబంధన. అది పడగానే మగవాళ్ళు బీడీలకని బయటికి పోయేవాళ్ళు. నేను మాత్రం కళ్ళార్పకుండా చూసేదాన్ని. ఆనకట్టలు, ప్రారంభోత్సవాలు, విమానంలోంచి వరద చూస్తున్న మంత్రులు. పైన ఒక గంభీరమైన మగగొంతు. ఒకసారి వరదలో ఇల్లు కూలిన ఆమెను చూపించారు. చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. నోరు కదులుతోంది. మాట మాత్రం వినపడదు. ఆమె మీద కూడా ఆ మగగొంతే.

"ఆమె ఏమంటా ఉండాది అవ్వా?" అన్నాను.

"బియ్యం లేవంటా ఉంటాది. ఇంకేమంటాది" అంది అవ్వ.

తర్వాత పడ్డ సినిమా ఏదో నాకు జ్ఞాపకం లేదు. ఆమె నోరు కదలడం మాత్రం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సినిమా విద్యార్థులకి పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో, డాక్యుమెంటరీ అంటే ఏమిటని ఎవరడిగినా నేను మొదట చెప్పింది ఆ డేరా సంగతే.

* * *

జవహర్ భారతి కాలేజీలో డిగ్రీ అయ్యాక హైదరాబాదు ఉస్మానియాకి వెళ్ళాను. అప్పట్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం సమావేశాలు ఎవరో ఒకరి ఇంట్లో జరుగుతూ ఉండేవి. చాపలు, గ్లాసుల్లో టీ, సైక్లోస్టైల్ కాగితాల సిరా వాసన. బెంగుళూరులో దీపా ధన్‌రాజ్ వాళ్ళు 1980లో మొదలుపెట్టిన యుగాంతర్ అనే మహిళల సినిమా బృందం ఈ సంఘంతో కలిసి 1983లో తెలుగులో ఒక చిన్న సినిమా తీసింది. పేరు 'ఇది కథ మాత్రమేనా?'. ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే హింస గురించి. సంఘం ఆడవాళ్ళ చర్చల్లోంచి పుట్టిన సినిమా. నలుపు తెలుపు, అరగంట కూడా ఉండదు.

ఒక హాస్టల్ గదిలో గోడకి దుప్పటి కట్టి వేశారు. ప్రొజెక్టరు మా పక్కనే. దాని కటకటలో మాటలు సగం కలిసిపోయేవి, అయినా అందరం ముందుకు వంగి వినేవాళ్ళం. అయిపోయాక లైటు వెయ్యలేదు. చీకట్లోనే ఒకామె మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకొకామె. వెలుగులో అయితే ఆ మాటలు వాళ్ళ నోట రావని నాకు ఆ రాత్రే అర్థమైంది. పెళ్ళి సంబంధాల మాట వాయిదా వేసి, అమెరికా యూనివర్సిటీలకి దరఖాస్తులు తెప్పించుకోవడం మొదలైంది ఆ నెలలోనే. నాన్న ఒక్కటే అన్నారు, "అక్కడ సినిమా చదివి ఇక్కడ ఏం చేస్తావమ్మా?" అని. ఆయన ఊహించినట్టు నేను మన దేశానికి తిరిగి రాలేదు. కానీ ఏం చేసినా మన మాటలతోనే చేశాను.

* * *

అమెరికాలో నేను చదువుకున్న ఊరు మంచులో మునిగి ఉండేది. అక్కడ నా లోకమంతా స్టీన్‌బెక్ బల్ల. ఇప్పటి పిల్లలకి అదేమిటో తెలీదు. ఫిల్ము ఎడిటింగు చేసే బల్ల. డైనింగ్ టేబుల్ అంత ఉంటుంది, దానిమీద చదునుగా తిరిగే పళ్ళేలు. ఒక వరసలో బొమ్మ, ఇంకో వరసలో శబ్దం. మీట ముందుకు తోస్తే రెండూ జతగా పరిగెడతాయి. వెనక్కి లాగితే గొంతులు తిరగబడి కిచకిచమంటాయి. మైనపు పెన్సిలుతో ఫిల్ము మీద గీత గీసి, స్ప్లైసరు దించితే టక్కుమని తెగుతుంది. తెగిన ముక్కల్ని పారెయ్యకూడదు. నంబరు రాసి మేకులకి వేలాడదీయాలి, కింద గుడ్డసంచీ ఉన్న తొట్టిలోకి అవి దిగుతాయి. రెండు సెకన్ల నవ్వు కోసం అర్ధరాత్రి దాకా ఆ తొట్టిలో వెతికిన రోజులున్నాయి. వేళ్ళు నరికేసుకోకుండా ఆ పని నేర్చుకోవడమే ఒక చదువు. మెడలో ఫిల్ము ముక్క వేసుకుని, నోట్లో పెన్సిలు పెట్టుకుని పనిచేసే అలవాటు నాకు రిటైరయ్యేదాకా పోలేదు.

అక్కడే ఒక మధ్యాహ్నం క్లాసులో ట్రిన్ టి. మిన్-హా సినిమా చూపించారు. ఆవిడ వియత్నాంలో హనోయ్‌లో పుట్టి, సైగాన్‌లో పెరిగి, 1970లో అమెరికా వచ్చారు. సంగీతమూ సాహిత్యమూ చదివి, సెనెగల్ వెళ్ళి డకార్‌లో సంగీతం బోధించారు. అక్కడి పల్లెల్లో తీసిన 'రీఅసెంబ్లేజ్' 1982లో వచ్చింది. నలభై నిమిషాలు. పాట, దంపుళ్ళ చప్పుడు వింటూ వింటూ ఉండగా శబ్దం ఉన్నట్టుండి తెగిపోతుంది. నిశ్శబ్దంలో బొమ్మ నడుస్తుంది. నేను వీళ్ళ గురించి మాట్లాడను, వీళ్ళ దగ్గరగా ఉండి మాట్లాడతానంటారు ఆవిడ. క్లాసులో కొందరికి విసుగొచ్చింది. నాకు మాత్రం మా అవ్వ వాళ్ళ ఊరి డేరాలో ఆ మగగొంతు నోరు ఎవరో మూయించినట్టనిపించింది.

తర్వాత 1989లో ఆవిడ తీసిన 'సర్‌నేమ్ వియెట్ గివెన్ నేమ్ నామ్' ఇంకా గట్టిగా పట్టుకుంది. వియత్నాంలో ఆడవాళ్ళు చెప్పిన మాటల్ని అమెరికాలో బతుకుతున్న వియత్నాం ఆడవాళ్ళ చేత చెప్పించారు. ముందు నిజమైన ఇంటర్వ్యూలే అనుకుని చూస్తాం. సగం గడిచాక ఆ నటించిన ఆడవాళ్ళే తమ సొంత బతుకుల గురించి మాట్లాడటం మొదలుపెడతారు. దేశం వదిలి వచ్చిన ఆడమనిషి తన దేశపు ఆడవాళ్ళ గురించి సినిమా తీస్తే మధ్యలో ఎంత దూరం ఉంటుందో, ఆ దూరాన్ని దాచకుండా ఎలా తియ్యాలో చూపించిన సినిమా అది. ఆవిడ బర్క్‌లీలో ప్రొఫెసరయ్యారు. సినిమా, పుస్తకం, పాఠం మూడూ ఒక్క మనిషి చెయ్యొచ్చని నాలాంటివాళ్ళకి ధైర్యం వచ్చింది ఆవిడని చూసే. ఏటా కొత్త విద్యార్థులకి ఆ రెండు సినిమాలూ వేశాను. వేసిన ప్రతిసారీ నేనూ కూర్చుని చూశాను.

* * *

నెల్లూరు జిల్లాలో సారా మీద ఆడవాళ్ళు తిరగబడ్డారని మా చిన్నాన్న ఉత్తరం రాశారు. 1992. ఊళ్ళో నీళ్ళు లేకపోయినా సారా పొట్లాలు మాత్రం తప్పకుండా వచ్చేవి. ప్రభుత్వమే 'వారుణి వాహిని' అని పేరుపెట్టి పాలిథీన్ పొట్లాల్లో ఊరూరికీ పంపించింది. రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళ వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఒక పాఠం ఉండేది. దూబగుంటలో వాళ్ళు ఏకమయ్యారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అక్కడినుంచే రాష్ట్రమంతా పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి మొగదల కాపలా కూర్చున్నారు. సారా జీపులు వెనక్కి పోయాయి. వేలంపాటలు మాటిమాటికీ వాయిదా పడ్డాయి.

యూనివర్సిటీ కెమెరా అరువు తీసుకుని, డిసెంబరు సెలవుల్లో బయల్దేరాను. ఫిల్ము డబ్బాలు ఎక్స్‌రేలో పెట్టనివ్వకుండా ప్రతి ఎయిర్‌పోర్టులో బతిమాలుకోవాలి. బేగంపేటలో దిగేసరికి గొంతు పోయింది. శబ్దం రికార్డు చెయ్యడానికి మా పిన్ని కొడుకుని తయారుచేశాను. నాగ్రా టేప్‌రికార్డరు భుజాన వేసుకుంటే వాడు పక్కకి ఒరిగిపోయేవాడు. "అక్కా, ఇది మోసేదానికంటే గేదెని మోసేది మేలు" అని రోజూ ఒకసారి అనకపోతే వాడికి నిద్రపట్టేది కాదు. క్లాపు బోర్డు లేదు. షాటు మొదట్లో ఎవరో ఒకరు కెమెరా ముందు చప్పట్లు కొట్టాలి, బొమ్మనీ శబ్దాన్నీ తర్వాత జతపరచడానికి. కొద్దిరోజుల్లోనే ఆడవాళ్ళకి అది అలవాటైపోయింది. కెమెరా ఎత్తగానే ఒకామె తనంతట తనే లేచి చప్పట్లు చరిచి, కొంగు సర్దుకుని కూర్చునేది.

చిత్రీకరణ అయ్యాక అందరినీ కాసేపు మాట్లాడకుండా కూర్చోమనేదాన్ని. ఆ చోటి నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి, ఎడిటింగులో అతుకులు కప్పడానికి పనికొస్తుంది. ఏమీ లేని దాన్ని ఎందుకు పడతావని వాళ్ళకి ఆశ్చర్యం. హెడ్‌ఫోను ఒక్కొక్కరి చెవికీ పెట్టించాను. దూరంగా మోటారు పంపు, చింతచెట్టు మీద కాకులు, ఎవరింట్లోనో రుబ్బురోలు. "ఇయ్యన్నీ మనకి వినపడతానే ఉండాయా ఎప్పుడూ!" అని ఒక కోడలుపిల్ల నోరు తెరిచింది.

అవ్వ అని రాసుకున్నది మా అవ్వ కాదు. ఆ ఊళ్ళో అందరూ ఆమెని అట్లాగే పిలిచేవాళ్ళు. అరవై దాటి ఉంటాయి. పగలు అడిగితే, "నాకేం తెలుసు పాపా, ఆ పిల్లోళ్ళనడుగు" అని తప్పించుకునేది. ఒక రాత్రి బావి దగ్గర పెట్రోమాక్స్ లైటు కింద అందరూ చేరినప్పుడు తనే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చేతిలో పలక. దానిమీద తన పేరు, అక్షరాలు పలక అంచుదాకా పాకాయి. పలక ఒళ్ళో పెట్టుకుని, ఒక వేలితో తన పేరు చుట్టూ గీస్తూ మొదలుపెట్టింది.

పదహారు ఎం.ఎం. కెమెరాలో నాలుగొందల అడుగుల ఫిల్ము పడుతుంది. పదకొండు నిమిషాలకి అయిపోతుంది. అవ్వ మొగుడి సంగతి చెప్పింది, కూలిడబ్బులు చెప్పింది, కొడుకు తాగి తాళం పగలగొట్టి బియ్యం అమ్ముకున్న సంగతి చెప్పింది. సరిగ్గా అక్కడ కెమెరాలో ఫిల్ము తోక గరగరమంది. అయిపోయింది. నల్లసంచీలో చేతులు దూర్చి కొత్త రీలు ఎక్కించడానికి టైము పడుతుంది. ఆపమని ఎలా చెప్పను? తమ్ముడి వైపు చూశాను. వాడు నాగ్రా ఆపలేదు. కెమెరా అలాగే కంటికి ఆనించుకుని కూర్చున్నాను, ఆమె చూపు చెదరకుండా.

"మొగుడు పోయినాడు. కొడుకు పోతా ఉండాడు. ఇంక నాకు దేనికి భయం? పొట్లాలన్నీ తీసి తూములో పోస్తిని. పోస్తా ఉంటే ఆ వాసనకి కడుపులో తిప్పింది. అయినా నిలబడి అన్నీ పోస్తిని."

ఆ తర్వాత ఇంకా చాలాసేపు మాట్లాడింది. సారా ఆపిన మర్నాడు కొడుకు తనని కొట్టడానికి చెయ్యెత్తి, వాకిట్లో నిలబడ్డ పదిమంది ఆడవాళ్ళని చూసి దించేసిన సంగతి. అది బొమ్మగా ఎక్కడా లేదు. శబ్దంగా మాత్రమే ఉంది.

సినిమాలో ఆ చోట నల్లటి తెర పెట్టాను. చీకట్లో ఆమె గొంతు. నిడివి తగ్గించమనీ, పొట్లాల బొమ్మలు వెయ్యమనీ, కనీసం చందమామనైనా చూపించమనీ ఎంతమంది చెప్పారో. వినలేదు. హాస్టల్ గదిలో దీపం వెయ్యని ఆ రాత్రి నాకు తెలుసు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ వార్త చదివిన రోజు నేను క్లాసు చెప్పలేకపోయాను. విద్యార్థులకి ఆ నల్లతెర ముక్క వేసి కూర్చున్నాను.

* * *

ఉద్యోగం పర్మనెంట్ చేసేటప్పుడు సినిమాని పుస్తకంతో సమానంగా లెక్కవెయ్యాలా వద్దా అని కమిటీలో పెద్ద చర్చ జరిగింది. అందుకని పుస్తకమూ రాశాను. రాత్రిళ్ళు రాసి, పగళ్ళు పాఠాలు చెప్పి, సెలవుల్లో సినిమా తీశాను. పదకొండు నిమిషాల రీలు నాకు నేర్పిందే పిల్లలకి నేర్పాను: కెమెరా ఎత్తేముందు వినండి. చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చాక గంటలు గంటలు తీసుకొచ్చేవాళ్ళు. వాటిని వాళ్ళే మొత్తం చూసేవాళ్ళు కాదు. స్టీన్‌బెక్ బల్లల్ని ఒక్కొక్కటే తీసేశారు. తరవాత కంప్యూటర్ సైన్సు చదివే తెలుగుపిల్లలు నా క్లాసుకి రావడం మొదలైంది. వాళ్ళ అమ్మమ్మల మీద చిన్న సినిమా తియ్యమనేదాన్ని. "ఏమడగాలి మేడమ్?" అనేవాళ్ళు. పక్కన కూర్చుని పప్పు ఏరుతూ ఉండమనేదాన్ని. మంచి సినిమాలు వచ్చాయి.

ఒకసారి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వెళ్ళాను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళా రైతులు తామే కెమెరా పట్టి సినిమాలు తీస్తున్నారు. వరంగల్ బీటీ పత్తి రైతుల మీద 2003లో వాళ్ళు తీసిన సినిమా అప్పటికే దేశాలు తిరిగింది. పొలంగట్టు మీద కూర్చున్న ఒక ముసలమ్మని తీస్తున్నారు. కెమెరా అమ్మ ట్రైపాడ్ కాళ్ళు ముడుస్తూ ముడుస్తూ పోయి, ఆ ముసలమ్మ కళ్ళ మట్టానికి లెన్సు వచ్చాకగానీ రికార్డు బటన్ నొక్కలేదు. దాన్ని వాళ్ళు సంఘం షాట్ అంటారు. బడి ముఖం చూడని ఆడవాళ్ళు. నేను సెమిస్టరంతా చెప్పే పాఠం అంతా అక్కడుంది. 2008లో ఆ పక్కనే మాచ్‌నూర్‌లో సంఘం రేడియో కూడా మొదలైంది. వాళ్ళ గొంతు వాళ్ళ ఊరికే వినపడుతుంది. సముద్రాలు దాటించాల్సిన పనిలేదు.

* * *

మెట్ల మీద కూర్చుని నేను ఆలోచించింది ఇదంతానే. అవ్వ మాటలున్న ఆ మాగ్నెటిక్ రీలు ఇక పనికిరాదు. అయితే అది నకలు. తమ్ముడు నాగ్రాలో పట్టిన అసలు పావు అంగుళం టేపు పాలియెస్టర్‌ది, దానికి ఈ పులుపు జబ్బు రాదు. దాని జబ్బు వేరే. తేమ పీల్చి జిగట పడుతుంది, అలాగే తిప్పితే పూత ఊడి వచ్చేస్తుంది. తక్కువ వేడిలో, యాభై డిగ్రీల పైచిలుకు, గంటల తరబడి ఉంచితే కొన్నాళ్ళపాటు మళ్ళీ తిరుగుతుంది. ఆ వ్యవధిలోనే డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. యుగాంతర్ సినిమాలని బెర్లిన్‌లో ఆర్సెనల్ సంస్థ డిజిటల్ చేసి మళ్ళీ జనంలోకి తెచ్చింది. అలాంటి సంస్థలకి అందని డబ్బాలు మనవాళ్ళ అటకల మీద, కాలేజీల స్టోర్లలో ఎన్నున్నాయో. దయచేసి తెరిచి చూడండి. పులుపు వాసన వస్తే ఆ డబ్బాని మిగతావాటినుంచి విడదియ్యండి, చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టండి, ఆలస్యం చెయ్యకుండా తెలిసినవాళ్ళకి చూపించండి.

టేపు దొరికింది. ఈ పని తెలిసిన పాత విద్యార్థి వేడిచేసి, ఎక్కించి పంపాడు. అవ్వ ఎప్పుడో పోయింది. తమ్ముడు ఆ ఊళ్ళో వాకబు చేసి ఆమె మనవరాలి నంబరు పట్టాడు. అంగన్‌వాడీలో పనిచేస్తోంది. వాట్సాప్‌లో పంపిస్తే రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు ఫోన్ చేసింది.

"అమ్మా, మా నాయినకి వినిపించినా. ఆయన చెయ్యెత్తిన కాడికి వచ్చినాక లేచి బయటికి పోయినాడు. మళ్ళా వచ్చి, మొదట్నించి పెట్టమన్నాడు."

ఆ రాత్రి బావి దగ్గరున్నవాళ్ళలో ఇంకా కొందరున్నారట. మిగతా టేపులు కూడా పంపమంది. పంచాయతీ ఆఫీసులో మైకుసెట్టు ఉంది, ఆదివారం సాయంత్రం అందరినీ పిలుస్తానంది. ఎవరి గొంతు ఏ టేపులో ఉందో పేర్లు రాసి పెట్టమంది. ఇప్పుడు ఆ పని మీదే ఉన్నాను. కొన్ని గొంతులు నేను గుర్తుపట్టలేకపోతున్నాను. వాటిని వాళ్ళే చెప్పాలి.